బీరువా తాళం తీశాక: బడి లైబ్రరీలో ఏ పిల్లకు ఏ పుస్తకం

మన జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో చాలాచోట్ల పుస్తకాలున్నాయి, వాటికో బీరువా కూడా ఉంది. తాళం చెవి ఒక టీచరు దగ్గర ఉంటుంది. ఆ టీచరుకి రోజుకి ఆరు పీరియడ్లు, ఆపైన ఆన్‌లైన్ ఎంట్రీలు, మధ్యాహ్న భోజనం లెక్కలు. నెలకోసారి బీరువా తెరిస్తే పిల్లలు చేతికి అందింది తీసుకుని, నాలుగు పేజీలు తిప్పి తిరిగి ఇచ్చేస్తారు. వీళ్ళకి చదివే అలవాటు లేదని మనం తీర్మానించేస్తాం. ఆ పిల్లకి తన పుస్తకం ఇంకా ఎదురుపడలేదని అనుకుంటే చేయాల్సిన పని కనిపిస్తుంది.

1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ చెప్పిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో రెండోది, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం. మూడోది, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. లైబ్రరీ చూసే టీచరుది ఒకరకంగా పెళ్ళిళ్ళ పేరయ్య పని. సంబంధం కుదర్చాలంటే రెండువైపులా తెలిసి ఉండాలి. పుస్తకాలు తెలియకుండా పిల్లలు మాత్రమే తెలిసినా, పిల్లలు తెలియకుండా పుస్తకాలు మాత్రమే తెలిసినా పని జరగదు.

ఇక్కడ చెప్పేదంతా ఆరు నుంచి పదో తరగతి దాకా రెండు మూడొందల మంది పిల్లలు, ఆరొందల నుంచి వెయ్యి పుస్తకాలు ఉండి, ప్రత్యేకంగా లైబ్రేరియన్ లేని బడికి. ఒక టీచరు, పదిమంది పిల్లలు వారానికి నాలుగైదు గంటలు పెట్టగలిగితే చాలు.

మొదటి పని: బయటికి తీయడం, ఏరడం

ఒక శనివారం మధ్యాహ్నం బీరువాలోని పుస్తకాలన్నీ బెంచీల మీద పరచండి. స్టాక్ రిజిస్టరు పక్కన పెట్టుకుని నంబర్లు సరిచూస్తూ మూడు కుప్పలు చేయండి. పిల్లలు ఇష్టంగా చదవగలిగేవి ఒకటి. టీచర్లకి, పెద్దలకి పనికొచ్చేవి రెండు. ఎవరూ చదవనివి మూడు: పాత గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు, ముగిసిపోయిన పథకాల కరపత్రాలు, ఒకే పుస్తకానికి పాతిక కాపీలు, చెదలు తిన్నవి, పేజీలు ఊడినవి.

ఎనిమిది వందల పుస్తకాలున్న బీరువాలో మొదటి కుప్ప మూడొందలకి మించకపోవచ్చు. నిరాశ పడకండి. ఎనిమిది వందల్లో దొరకని పుస్తకం మూడొందల్లో దొరుకుతుంది. అన్నీ కలిపి ఉంచినప్పుడు పిల్లవాడు వరసగా మూడుసార్లు చెయ్యి పెడితే మూడుసార్లూ గైడే రావచ్చు. నాలుగోసారి వాడు చెయ్యి పెట్టడు.

మూడో కుప్పని పారేయకండి, అమ్మేయకండి. అవి స్టాకులో ఉన్న వస్తువులు. జాబితా రాసి, హెడ్‌మాస్టరు సంతకంతో కమిటీ ముందు పెట్టి, పద్ధతి ప్రకారం రద్దు చేయించాలి. దానికి నెలలు పట్టొచ్చు. అందాకా అట్టపెట్టెల్లో కట్టి వేరే గదిలో ఉంచండి. చెదలు పట్టినవాటిని మాత్రం మొదటి రోజే వేరుచేయాలి. బీరువాని గోడకి ఆరంగుళాలు ఎడంగా జరిపి, అడుగు అర వానాకాలం నాలుగు నెలలూ ఖాళీగా వదిలేయండి. మన బడి గదుల్లో తేమ ముందు అక్కడికే చేరుతుంది.

పుస్తకం పోతే నాదే పూచీ అనే భయం

తాళం వేసి ఉండటానికి అసలు కారణం బద్ధకం కాదు, భయం. ఒక పుస్తకం పోతే జీతంలోంచి కట్టాలేమోనని. ఈ భయాన్ని ముందు పోగొట్టకపోతే తర్వాత చెప్పేవన్నీ కాగితం మీదే మిగులుతాయి.

కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లో 215వ నియమం లైబ్రరీల గురించే. ఏడాదిలో ఇచ్చిన, తిరగేసిన ప్రతి వెయ్యి పుస్తకాలకి అయిదు పోవడం సహజమేనని, నిర్లక్ష్యమో మోసమో లేనంతవరకు దాన్ని ఒప్పుకోవచ్చని అందులో రాసి ఉంది. వెయ్యి రూపాయల ధర దాటినవి, అరుదైనవి పోతే మాత్రం విచారణ తప్పదు. ఈ నియమం నేరుగా వర్తించేది కేంద్ర కార్యాలయాలకి. మన బడులకి రాష్ట్ర నియమాలుంటాయి. అయినా పుస్తకం వాడితే కొన్ని పోతాయన్నది సర్కారు లెక్కల్లోనే ఉన్న మాటని హెడ్‌మాస్టరుకి చూపించడానికి ఇది పనికొస్తుంది. జూన్‌లోనే స్టాఫ్ మీటింగులో చర్చించి, చిరిగినా పోయినా ఏం చేయాలో మినిట్స్ పుస్తకంలో రాయించుకోండి. పుస్తకం పోగొట్టిన పిల్ల దగ్గర డబ్బు వసూలు చేయొద్దు. యాభై రూపాయల జరిమానా అంటే ఆ ఇంట్లో ఒక పూట కూలిలో ముక్క. ఆ తర్వాత ఆ పిల్లే కాదు, చెల్లెలు కూడా లైబ్రరీ గుమ్మం తొక్కదు. దానికి బదులు రెండు వారాలు చిరిగిన పుస్తకాలు అతికించే పని ఇవ్వండి.

పుస్తకాలతో మనకి పరిచయం

ఈ మెట్టు ఎక్కువమంది వదిలేస్తారు. పిల్లలకి ఏది ఇవ్వాలో తెలియాలంటే మనం చదివి ఉండాలి. మొదటి కుప్పలో చాలావరకు 16 నుంచి 32 పేజీల పుస్తకాలే. ఒక్కోటి ఐదు నుంచి పది నిమిషాలు. రోజుకి మూడు చొప్పున చదివితే మూడు వారాల్లో యాభై దాటుతాయి. పెద్దవాటిని మొదటి పది పేజీలు, నడుమ ఐదు పేజీలు చదివి పక్కన పెట్టొచ్చు.

చదివిన ప్రతిదానికీ చిన్న నోట్‌బుక్కులో నాలుగు ముక్కలు రాసుకోండి. కథ సారాంశం అక్కర్లేదు. ఇది ఎలాంటి పిల్లకి నచ్చుతుంది, చదివేవాళ్ళు ఎక్కడ ఆగిపోతారు, క్లాసులో వినిపించాలంటే ఏ పేజీ, ఇది నచ్చితే తర్వాత ఏది. ఉదాహరణకి ఇలా: "ఇంట్లో పెద్దపిల్లలకి. మొదటి నాలుగు పేజీలు వర్ణన, అక్కడ వదిలేస్తారు, అవి దాటించాలి. 11వ పేజీ వినిపించు. తర్వాత వరద కథ." ఇంతే. యాభై పుస్తకాలకి ఇలా రాసుకున్న టీచరు దగ్గర ఉన్నది ఏ కేటలాగులోనూ దొరకదు.

చదువుతున్నప్పుడు మూడు విషయాలు ప్రత్యేకంగా చూడండి. అక్షరం సైజు, వరసల మధ్య ఎడం. కూడబలుక్కుని చదివే పిల్లకి 16, 18 పాయింట్ల అక్షరం కావాలి. ఇరుకుగా అచ్చయిన పేజీలో కింది ఒత్తు, దాని కింది వరస గుడి ఒకదానిమీద ఒకటి పడితే పిల్లకి అది ముళ్ళకంప. రెండోది, వాక్యంలో మాటలు ఎంతగా కలిసిపోయాయో. తెలుగులో కష్టమంతా కొత్త మాటల్లోనే ఉండదు. తెలిసిన మాటలే నాలుగు కలిసి ఒకే పొడుగాటి మాటగా కనిపిస్తే పిల్ల బెదిరిపోతుంది. మూడోది, ఏ యాస. కోస్తా పుస్తకభాష తెలంగాణ పల్లె పిల్లకి పరాయిగా తోస్తుంది, "అచ్చిండు, పోయిండు" అని రాసిన కథ గోదావరి జిల్లా పిల్లకి అలాగే తోస్తుంది. ఇద్దరికీ ముందు సొంత మాటల కథ ఇవ్వాలి. రుచి తగిలాక ఏ యాసైనా చదువుతారు.

అమరిక: వెన్ను కాదు, ముఖం కనబడాలి

పిల్లలు పుస్తకాన్ని అట్ట చూసి తీసుకుంటారు. బీరువాలో నిలబెట్టిన 24 పేజీల పుస్తకానికి వెన్ను అగ్గిపుల్లంత. దాని మీద పేరే ఉండదు. కాబట్టి పలచటి పుస్తకాలన్నీ తాడు మీదికి రావాలి.

పది అడుగుల గోడ చాలు. నేల నుంచి రెండడుగులు, మూడుంబావు, నాలుగున్నర అడుగుల ఎత్తున మూడు వరసల నైలాన్ తాడు బిగించండి. ప్రతి మూడడుగులకీ ఒక మేకు ఉండాలి, లేకపోతే తాడు నడుమ వేలాడి పుస్తకాలన్నీ ఒకచోటికి జారతాయి. పుస్తకాన్ని నడిమి పేజీలో తెరిచి తాడుకి ఆనిస్తే ముందు అట్ట మనవైపు ఉంటుంది. వరసకి పన్నెండు, మొత్తం ముప్పయ్యారు పుస్తకాలు. జనపతాడు వద్దు, చెమ్మ పీల్చి పిన్నులకి తుప్పు పట్టిస్తుంది. పై తాడు నాలుగున్నర అడుగులు దాటితే ఆరో తరగతి పిల్లలకి అందదు. లావు పుస్తకాలకి కిటికీ గూళ్ళు, పాత బెంచీ, బీరువా పై రెండు అరలు సరిపోతాయి.

వారానికోసారి తాడు మీద పన్నెండు పుస్తకాలు మార్చండి. మొత్తం ఒకేసారి మారిస్తే పోయినవారం కన్నేసి ఉంచుకున్న పిల్లకి అది దొరకదు. ఏదీ మార్చకపోతే నెల తిరిగేసరికి గోడ బొమ్మలా అయిపోతుంది, ఎవరూ చూడరు.

వర్గీకరణకి డ్యూయీ దశాంశాలు, రంగనాథన్ కోలన్ పద్ధతి పెద్ద గ్రంథాలయాలకి. మూడొందల పుస్తకాలకి ఎనిమిది గుత్తులు చాలు. వాటికి పేర్లు పిల్లలు అడిగే మాటల్లోనే పెట్టండి: నవ్వొచ్చేవి, భయమేసేవి, జంతువులు పక్షులు, నిజంగా జరిగినవి, బొమ్మలెక్కువ మాటలు తక్కువ, ఎలా పనిచేస్తుంది, రాజులు మాయలు, మనలాంటి పిల్లలు. ఒక్కో గుత్తికి ఒక రంగు కాగితం చుక్క, అట్ట పై మూలన అంటించి మీద పారదర్శక టేపు వేయాలి. టేపు వేయకపోతే నెలరోజుల్లో గోళ్ళతో గిల్లేస్తారు. "నీతికథలు" అనే గుత్తి పెట్టకండి. ఆ పేరు చూసి ఏ పిల్లా చెయ్యి చాపదు. అందులోని కథలు మాత్రం చాలా బావుంటాయి, వాటిని నవ్వొచ్చేవాటిలోనో జంతువుల్లోనో కలిపేయండి.

రంగు చుక్కల్ని తరగతులకి వాడొద్దు. "ఆకుపచ్చ చుక్క ఆరో తరగతికి" అని ఒక్కసారి తెలిసిందంటే, తొమ్మిదో తరగతిలో చదవడం రాని పిల్ల ఆకుపచ్చ పుస్తకం ముట్టుకోదు.

పిల్లతో మాట్లాడటం

"నీకెలాంటి పుస్తకాలిష్టం?" అని అడగొద్దు. పుస్తకాలు చదవని పిల్లకి ఆ ప్రశ్నకి జవాబుండదు, తల దించుకుంటుంది. బతుకు గురించి అడగండి. సెలవు రోజు పొద్దున ఎక్కడికెళ్తావు? ఇంట్లో కథలెవరు చెప్తారు? ఈ మధ్య దేనికి బాగా నవ్వావు? ఏ సినిమాలో ఏ సీను మళ్ళీ చూస్తావు? మూడు నిమిషాలు చాలు. క్లాసు ముందు కాదు, తాడు దగ్గర పక్కన నిలబడి.

ఎనిమిదో తరగతి అబ్బాయితో మాట ఇలా నడవొచ్చు.

"ఆదివారం ఏం చేస్తావురా?"

"ఏం చెయ్యను సార్."

"పొద్దున్నే లేచి ఎటెళ్తావు?"

"మేకలు తోలుకెళ్తా సార్, మా తాతతో."

"ఎన్నున్నాయి?"

"పద్నాలుగు. మొన్న ఒకటి ఈనింది. రెండు పిల్లలు."

"నువ్వు చూశావా?"

"నేనే చూశా సార్. తాత ఊళ్ళో లేడు ఆరోజు. రాత్రి పది దాటింది. ఒక పిల్ల కదల్లేదు సార్, గోనెసంచితో రుద్దా..."

ఇక్కడ ఆ అబ్బాయి గొంతు మారింది. ఇది వినకుండా "ఓహో, మేకలంటే ఇష్టమా" అని మేకల పుస్తకం చేతిలో పెడితే తీసుకుంటాడు, చదవడు. మేకల గురించి వాడికి ఆ పుస్తకం కన్నా ఎక్కువ తెలుసు. వాణ్ణి కదిలించింది తాత లేని రాత్రి, పెద్ద పని ఒక్కడి నెత్తిన పడటం, చచ్చిపోతుందనుకున్నది బతకడం. ఒంటరిగా ఒక ఆపదని దాటిన పిల్లల కథ ఏదైనా, అది సముద్రంలో జరిగినా మంచుకొండల్లో జరిగినా, వాడి పుస్తకమే. పిల్ల చెప్పే విషయం వింటూనే, అందులో గొంతు ఎక్కడ మారిందో పట్టుకోండి. పేరయ్య పనిలో నేర్పంతా ఇక్కడే ఉంది.

తర్వాత మూడు పుస్తకాలు తీసి ఇవ్వండి. ఒక్కటే ఇస్తే అది ఆజ్ఞ అవుతుంది, పది చూపిస్తే తోచదు. మూడింట్లో ఒకటి గొంతు మారిన చోటు నుంచి. ఒకటి పిల్ల నోటితో చెప్పిన విషయం మీద, అంటే ఇక్కడ పశువుల వైద్యం, జంతువుల పిల్లలు లాంటి సమాచార పుస్తకం. మూడోది ఏ సంబంధమూ లేనిది, బొమ్మల కథో పొడుపు కథలో. "ఇక్కడే కూచుని మూడూ రెండేసి పేజీలు చూడు, ఒకటి పట్టుకెళ్ళు. ఏదీ వద్దనిపిస్తే అదీ చెప్పు" అనండి. ఆ చివరి మాట తప్పకుండా అనాలి. వద్దని చెప్పే వీలున్న పిల్లే నచ్చింది నిజంగా చెబుతుంది.

రెండొందల మందితో ఇలా మాట్లాడటం కుదురుతుందా? రోజుకి నలుగురు, పదకొండు వారాల్లో అందరూ అయిపోతారు. ఎప్పుడూ పుస్తకం తీసుకోనివాళ్ళతో మొదలుపెట్టండి. చదివేవాళ్ళు వాళ్ళే వెతుక్కుంటారు.

చదవగలదా, లేదా

ఇష్టమైన విషయమే అయినా చదవలేని స్థాయిలో ఉంటే పుస్తకం ఓడిపోతుంది. ఒక పేజీలో తెలియని మాటకి ఒక్కో వేలు ముడుస్తూ పోయి, ఐదు వేళ్ళూ ముడుచుకుంటే ఈ పుస్తకం కష్టం అనే పద్ధతి చాలామందికి తెలుసు. దాన్ని తెలుగుకి ఉన్నదున్నట్టు వాడితే తప్పొస్తుంది. తెలుగు మాటలు పొడుగు, పేజీకి మాటలు తక్కువ. ఎనభై మాటల పేజీకి మూడు వేళ్ళ దగ్గరే ఆగాలి. ఇంకో మాట, తెలియని మాటా చదవలేని మాటా వేరు. "క్షేత్రం" దగ్గర పిల్ల ఆగిందంటే అర్థం తెలియకా, క్ష-త్ర పలకలేకా? మీరు పైకి చదివి వినిపించండి. వినగానే అర్థమైతే ఇబ్బంది ఒత్తులతోనే.

ఈ పరీక్ష చెవిలో చెప్పినంత నెమ్మదిగా, ఒక్క పిల్లతోనే జరగాలి. మార్కులుండవు, రిజిస్టరులో రాయడం ఉండదు.

ఇబ్బందిని బట్టి మందు మారుతుంది. ఒత్తుల దగ్గర ఆగే పిల్లకి రెండు వరసలు మించని పేజీలు, పెద్ద అక్షరాలు, ఒకే మాట మళ్ళీ మళ్ళీ వచ్చే కథలు కావాలి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైటులో కథలు నాలుగు మెట్లుగా ఉంటాయి. మొదటి రెండు మెట్లవి ఇలాంటి పిల్లలకి సరిపోతాయి. చక్కగా చదువుతూ అర్థం కాక ఆగే పిల్లకి మొదటి అధ్యాయం మీరే వినిపించండి, మనుషులు, ఊరు పరిచయమయ్యాక మిగతాది లాక్కుపోతుంది. ఇంట్లో కోయ, గోండి, సవర, లంబాడీ మాట్లాడే పిల్లకి మాటల్లేని బొమ్మల పుస్తకం మొదట. కథని తన భాషలోనే చెప్పనివ్వండి. ఇంగ్లీషు మీడియం పిల్లలకి రెండు భాషల పుస్తకాలు కొత్త కాదు, పాఠ్యపుస్తకాలే ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా వస్తున్నాయి. అలాంటి కథల పుస్తకాలు ఇస్తే ఒకదాంట్లో ఆగినచోట రెండోది చెయ్యందిస్తుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూసుకోవాల్సింది తొమ్మిదో తరగతికి వచ్చి రెండో తరగతి పుస్తకం కూడా తడబడుతూ చదివే పిల్ల. వయసు పద్నాలుగు, అందరి ముందు బుజ్జిమేక కథ పట్టుకోలేదు. పక్కన ప్రాథమిక పాఠశాల ఉంటే, "శుక్రవారం ఒకటో తరగతి పిల్లలకి కథ చదివి వినిపించాలి, నువ్వు వెళ్తావా?" అని అడగండి. ఇప్పుడు ఆ పుస్తకం పట్టుకోవడానికి పరువైన కారణం దొరికింది. వినిపించాలంటే నాలుగుసార్లు ముందు చదువుకోవాలి. ఒకే కథ నాలుగుసార్లు చదవడమే ఆ పిల్లకి కావలసిన మందు. ఎదురుగా ఉన్న చిన్నపిల్లలు తప్పులు పట్టరు, "ఇంకోటి అక్కా" అంటారు.

లైబ్రరీ పీరియడు

వారానికి ఒక్కటే ఉంటుంది, నలభై ఐదు నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు తిరిగి ఇవ్వడం. తర్వాతి ఏడు నిమిషాలు రెండు పుస్తకాల పరిచయం. ఇరవై ఐదు నిమిషాలు ఎవరిది వాళ్ళు చదువుకోవడం. ఆ సమయంలో టీచరు కూడా ఏదో ఒకటి చదువుతూ కనబడాలి, పేపర్లు దిద్దకూడదు. మిగిలిన ఎనిమిది నిమిషాలు మార్చుకోవడం, రాయించుకోవడం. ఈ పీరియడు లెక్కల సిలబస్‌కి పోతుంటే టైంటేబుల్‌లో భోజనం తర్వాతి పీరియడుకి మార్పించండి, దాన్ని అడిగేవాళ్ళు తక్కువ.

పుస్తక పరిచయానికి ఒకటిన్నర నిమిషం నుంచి మూడు నిమిషాలు. రచయిత ఎక్కడ పుట్టాడో, ఏ బహుమతులొచ్చాయో వద్దు. అట్ట చూపించి, కథలో ఎవరున్నారో రెండు ముక్కల్లో చెప్పి, గుర్తుపెట్టుకున్న పేజీ పైకి చదవండి. ఎక్కడ ఆపాలన్నది ముందే పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. బావిలో పడ్డ మేకపిల్ల కోసం తాడు కట్టుకుని దిగుతున్న పిల్లవాడికి, సగం దూరంలో, తల పైన తాడు పురులు ఒక్కొక్కటే విడిపోవడం కనిపించిందనుకోండి. అక్కడ ఆపి పుస్తకం మూసేయాలి. "తర్వాత ఏమైంది సార్" అని అరుస్తారు. చెప్పకండి. పుస్తకం బల్ల మీద పెట్టి పక్కకి జరగండి. ఇలా పరిచయం చేసిన పుస్తకానికి కనీసం రెండు కాపీలుండాలి. లేదా ఎవరి తర్వాత ఎవరో ఒక చీటీ రాసి అట్ట లోపల అంటించండి. ఆరాటం ఉన్న రోజే చేతికి రాకపోతే చల్లారిపోతుంది.

లైబ్రరీ గదే లేని బడికి సంచీ చాలు. పడవ మీద పుస్తకాలు పెట్టుకుని కాలువ వెంట ఊరూరూ తిరిగిన గ్రంథాలయం మనకుంది, 1935లో పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా. గుడ్డసంచీలో పాతిక పుస్తకాలు వేసుకుని క్లాసుకో చెట్టుకిందకో వెళ్ళడం దానితో పోలిస్తే తేలిక.

రిజిస్టరు తేదీవారీగా కాదు, పిల్లవారీగా

మామూలు ఇష్యూ రిజిస్టరులో తేదీ కింద అందరి పేర్లూ వరసగా ఉంటాయి. దాన్ని చూసి ఏ పిల్ల ఏం చదువుతోందో చెప్పలేం. ఒక పొడుగు నోటుబుక్కులో ఒక్కో పిల్లకి అర పేజీ కేటాయించండి. స్టాక్ నంబరు, పుస్తకం పేరు, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ, చివరన ఒక గుర్తు. పూర్తిగా చదివితే టిక్కు, మధ్యలో వదిలేస్తే గీత, మళ్ళీ కావాలంటే చుక్క. గుర్తు పిల్లే పెట్టాలి, మనం ప్రశ్నించకూడదు. నెల తర్వాత ఆ అర పేజీ చూస్తే తర్వాతి పుస్తకం ఏదో దానంతట అదే తెలుస్తుంది. వరసగా మూడు గీతలు కనబడితే మళ్ళీ మూడు నిమిషాల మాట అవసరం.

రాసే పని ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి అప్పగించండి. పదిమందిలో సగం మంది క్లాసులో వెనకబడినవాళ్ళయి ఉండాలి. పుస్తకాలు సర్దడం, చుక్కలు అంటించడం చేసే పిల్ల చేతిలోంచి రోజుకి ముప్పై అట్టలు వెళ్తాయి. అందులో ఏదో ఒకటి ఆగుతుంది.

చిరిగిన పేజీకి మామూలు పారదర్శక టేపు వేయొద్దు. రెండేళ్ళలో పసుపెక్కి, ఎండి, కాగితాన్ని కూడా లాక్కుపోతుంది. పలచటి తెల్ల కాగితం సన్నగా చించి మైదా జిగురుతో అతకండి. బైండింగు చేసేవాళ్ళు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు చేసే చోట వద్దు. ఏ రోజు జిగురు ఆ రోజే కాచుకోండి.

ఎక్కడ చెడుతుంది

ఎక్కువసార్లు చెడేది చదివించిన తర్వాత. పుస్తకం తిరిగిచ్చిన పిల్లని "నీతి ఏమిటి, పాత్రలెన్ని, సారాంశం రాసుకురా" అని అడిగితే ఇంటికి తీసుకెళ్ళడం మానేస్తుంది. ఒక పుస్తకానికి రెండు పేజీల హోంవర్క్ అనేసరికి పలచటిది వెతుక్కుంటుంది, తర్వాత అదీ ఉండదు. అడగాలనిపిస్తే ఒక్కటే అడగండి: "ఇది ఎవరికి ఇమ్మంటావు?" జవాబులో పిల్ల చదివిందా, నచ్చిందా, ఎందుకు నచ్చిందో అన్నీ వచ్చేస్తాయి. పేరయ్య పనిలో మీకొక తోడూ దొరుకుతుంది.

ఎక్కువ పుస్తకాలు చదివినవారికి బహుమతి పెడితే పేజీలు తిప్పడం పెరుగుతుంది, చదవడం తగ్గుతుంది. లావు పుస్తకం నెలరోజులు చదివిన పిల్ల ఆ పోటీలో ఓడిపోతుంది. బొమ్మల కథలు చదువు కావని తీసేయడం ఇంకో పొరపాటు. చందమామ 1947 జూలైలో మొదలైన దగ్గర్నుంచి తరాల తరబడి తెలుగు పిల్లల్ని కథలోకి లాగినవాటిలో ఆ పేజీల బొమ్మలూ ఉన్నాయి. చదివిందే చదవడం, చివరి పేజీ ముందు చూడటం, మధ్యలో వదిలేయడం, ఇవన్నీ మనమూ చేస్తాం. పిల్లలనీ చేయనివ్వండి.

వంటల పుస్తకాలు ఆడపిల్లలకి, సాహసాలు మగపిల్లలకి అని మనకి తెలియకుండానే పంచేస్తాం. పిల్లవారీ రిజిస్టరులో ఒకసారి అది చూసుకోండి.

తల్లిదండ్రుల నుంచి వచ్చే మాట, "పాఠాలు చదవకుండా కథలేంటి?" పదో తరగతిలో ఇది గట్టిగా వస్తుంది. సమావేశంలో ఉపన్యాసం ఇచ్చే బదులు వాళ్ళ పిల్ల చేతే ఒక పేజీ చదివించి వినిపించండి. చదవడం రాని అమ్మకి తన కూతురు తడబడకుండా కథ చదివి వినిపిస్తే అక్కడితో ఆ మాట ఆగిపోతుంది. పదో తరగతి పిల్లలకి పెద్ద నవలలు కాకుండా పది నిమిషాల్లో అయిపోయే కథలు, వ్యాసాలు ఇవ్వండి, జనవరి తర్వాత తిరిగి ఇచ్చే గడువు పెట్టొద్దు.

కొత్తవి కొనేటప్పుడు

సమగ్ర శిక్ష కింద లైబ్రరీ గ్రాంటు బడి స్థాయిని బట్టి ఏడాదికి రూ. 5,000 నుంచి రూ. 20,000 దాకా ఉంటుంది. ఉన్నంతలో వందకి ఎనభై రూపాయలు పలచటి పుస్తకాల మీద పెట్టండి. పదివేల రూపాయల్లో రెండు వేలు పెట్టి పెద్ద ఎన్‌సైక్లోపీడియా కొంటే అది గాజు తలుపు వెనక్కి వెళ్తుంది, ఆ రెండు వేలకి ముప్పై పుస్తకాలు తాడు మీదికొస్తాయి. కట్టగా పంపే సెట్లు కొనొద్దు, అందులో సగం మళ్ళీ మూడో కుప్పలోకే. నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగు ప్రచురణలు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్, తూలిక జాబితాల నుంచి ఒక్కొక్కటీ చూసి ఎంచుకోండి. డిసెంబరులో హైదరాబాద్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక ప్రదర్శనలకి నలుగురు పిల్ల లైబ్రేరియన్లని తీసుకెళ్తే ఇంకా మంచిది. ఏ పుస్తకం దగ్గర ఎంతసేపు నిలబడ్డారో వెనక నుంచి చూడండి, కొనాల్సిన జాబితా అదే.

డబ్బు రాని ఏడాది స్టోరీవీవర్ కథలు ఉచితం. క్రియేటివ్ కామన్స్ అనుమతి ఉంది కాబట్టి ప్రింటు తీసి కుట్టుకోవచ్చు. మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మన ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతూనే ఉన్నాం, అక్కడి పుస్తకాలు మన పిల్లలవే.

ఏప్రిల్ 23తోనో ఆ దరిదాపుల్లోనో బడి మూసేముందు ఒక్కో పిల్లకి మూడు పుస్తకాలు ఇచ్చి పంపండి. వేసవి సెలవుల్లో బీరువాలో ఉన్న పుస్తకానికి చెదలు తప్ప చదువరి లేడు. ఇచ్చేటప్పుడు పిల్లవారీ పేజీ తెరిచి, చివరి మూడు గుర్తులూ చూసి, రెండు ఆ దారిలోవి, ఒకటి కొత్తది ఇవ్వండి. ఒకే వీధి పిల్లలకి వేర్వేరు పుస్తకాలు వెళ్ళేలా చూసుకోండి. నెలన్నరలో అవి వాళ్ళలో వాళ్ళే చేతులు మారతాయి. జూన్‌లో ఒకరికిచ్చిన పుస్తకం ఇంకొకరు తెచ్చిస్తే రిజిస్టరులో ఆ రెండో పేరు కూడా రాసుకోండి.